నొప్పి తగ్గిన పూట

ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్నాక గాని తబితకి తన ఒడి ఖాళీ అయిందని తెలియలేదు. పొద్దున్న ఇంట్లో మంచం మీంచి ఎత్తుకున్నది మొదలు ఇక్కడ నర్సమ్మ చేతుల్లో పెట్టేదాకా మనవరాలు మెర్సీ, డాక్టరు చూసిన కాసేపు తప్ప, ఆ ఒళ్ళోనే ఉంది. కారులో ఉంది, స్కానింగు గది బయట ఉంది, రక్తం తీస్తున్నప్పుడు కూడా ఉంది. ఇప్పుడు చీర మీద ఆ నాలుగేళ్ళ పిల్ల ఒంటి వేడి మాత్రం మిగిలింది, అది కూడా ఫ్యాను గాలికి కొద్దికొద్దిగా చల్లారిపోతోంది. చల్లారనివ్వకూడదన్నట్టు తబిత రెండు అరచేతులూ అక్కడ అదిమిపెట్టి కూర్చుంది. ప్రభువా, అంది మనసులో. ఆ తర్వాత మాట రాలేదు. ఆదివారాలు సండే స్కూలు పిల్లలందరికీ ప్రార్థన నేర్పించే మనిషి, ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు తననే పిలిచి ప్రార్థన చెయ్యమంటారు, ఇప్పుడు ఆ ఒక్క పిలుపు దగ్గరే ఆగిపోయింది. వరండా అటు చివర కిటికీ దగ్గర కోడలు ఆశాజ్యోతి ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. కొడుకు శ్యాంబాబు కడియం నర్సరీ మొక్కల లారీతో ఒరిస్సా వెళ్ళాడు, బరంపురం దాటాక ఫోను అందింది, వెనక్కి బయల్దేరుతున్నాడు. కోడలి గొంతు వినిపించదు గాని వీపు వణకడం కనిపిస్తోంది. లేచి వెళ్ళి ఆ వీపు మీద చెయ్యి వెయ్యాలి. వెయ్యాలనుకుంటూనే తబిత కూర్చుండిపోయింది. ఒళ్ళోంచి చేతులు తీస్తే ఆ కాస్త వేడీ పోతుంది.

కాలువ గట్టు రోడ్డు మీద ఇన్ని గతుకులున్నాయని ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆత్రేయపురం వైపు నుంచి బొబ్బర్లంక దాకా ఆ గట్టు మీదే రావాలి, స్కూళ్ళ దగ్గర, గుళ్ళ దగ్గర, చర్చిల దగ్గర, ఎవరో పలుకుబడి ఉన్నవాళ్ళ ఇళ్ళ ముందు కూడా స్పీడు బ్రేకర్లు. కారు నడిపింది పక్కింటి గణేష్‌బాబు. మెల్లగానే నడిపాడు పాపం. అయినా ఒక్కో బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా మెర్సీ వేళ్ళు తబిత మెడ దగ్గర రవికని గట్టిగా పట్టుకునేవి, మోకాళ్ళు ఇంకాస్త పొట్టలోకి ముడుచుకునేవి, ముక్కుపుటాలు అదిరేవి. నొప్పి తగ్గిందంది కదా, మరి ఈ వేళ్ళేంటి, అని కోడలికి చూపించాలనుకుంది. చూపించలేదు. ముందు సీట్లో కూర్చున్న కోడలు అప్పటికే ఇంట్లో జరిగిన మాటలకి మొహం ముడుచుకుని ఉంది, టీచరుగా చేస్తున్న స్కూల్లో సెలవు పెట్టలేదు, ప్రిన్సిపాల్ ఫోను మీద ఫోను చేస్తోంది. బ్యారేజీ మీదకి వచ్చాక గాలి చల్లగా కొట్టింది. ఎప్పుడు అటు వెళ్ళినా మెర్సీ సీటు మీద నిలబడి, నీళ్ళేవి, పడవలేవి, పక్షులేవి అని గోలగోల చేసేది. ఈ రోజు కళ్ళు తెరవలేదు. "గోదారొచ్చిందమ్మా" అని తబిత చెవిలో చెప్పింది. పిల్ల తల ఊపింది. ఆ ఊపడంలో పెద్దవాళ్ళ ఓపిక ఏదో ఉంది, నాలుగేళ్ళ పిల్లకి ఉండకూడని ఓపిక. "గణేష్‌బాబూ, కాస్త త్వరగా పోనివ్వు నాయనా" అంది తబిత. "త్వరగా పోతే కుదుపులు ఎక్కువ తగుల్తాయండి పెద్దమ్మగారూ" అన్నాడతను. త్వరగా వెళ్ళినా నొప్పే, మెల్లగా వెళ్ళినా నొప్పే. ధవళేశ్వరం దాటేసరికి తబిత తన రెండు కాళ్ళూ కారు అడుగుకి ఆనకుండా పైకెత్తి పట్టుకుంది, కుదుపు ముందు తన కాళ్ళలోకే పోతుందేమో, పిల్లదాకా రాదేమో అని. తొడలు ఇప్పటికీ లాగుతున్నాయి.

ఇది మామూలు కడుపునొప్పి కాదని ఎలా పోల్చుకుంటారు ఎవరైనా? ఆదివారం చర్చిలో ప్రేమవిందు. ఎండలు మండిపోతున్నాయి, పొద్దున్నే వండిన వంట మధ్యాహ్నం దాకా గంగాళాల్లో ఉంది, పిల్లలకి రంగు నీళ్ళ షర్బత్తు పోశారు. సాయంత్రానికి వీధిలో సగం మంది పిల్లలకి వాంతులు. పాస్టరు గారి మనవడికి, విజయ్ పాల్ వాళ్ళ కవల పిల్లలకి, ఎదురింటి పిల్లకి, అందరికీ అదే. కాబట్టి మెర్సీ కడుపు పట్టుకుని వచ్చి "మామ్మా, నొప్పి" అన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎక్కడమ్మా అంటే బొడ్డు మీద వేలు పెట్టింది. ఏ పిల్లయినా అక్కడే పెడుతుంది. ఆ తర్వాత వాంతి చేసుకుంది, మర్నాడు కాస్త కాస్త విరేచనం కూడా అయింది, ఒళ్ళు వెచ్చబడింది. ఊళ్ళో వైద్యం చేసే సత్తిరాజు ఇల్లిల్లూ తిరిగి వాంతుల సిరప్పు, ఓఆర్ఎస్ పొట్లాలూ ఇచ్చాడు. మంచివాడు, అర్ధరాత్రి పిలిచినా చెప్పులు వెతుక్కోకుండా వస్తాడు. "విందు తాలూకు ఇన్‌ఫెక్షనే అండి, అందరికీ ఇదే, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం నా కోసం చూడకండి, రాజమండ్రి తీసుకెళ్ళిపోండి" అని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరి చెవినా పడలేదు. మొదటి మాట తీపిగా ఉంటే రెండోది ఎవరు వింటారు.

మంగళవారానికి వీధి పిల్లలందరూ లేచారు. నీరసంగానే అయినా అరుగుల మీదకొచ్చి కూర్చున్నారు, సాయంత్రానికి పరుగులు మొదలుపెట్టారు. కవల పిల్లలు గుమ్మంలోకొచ్చి "మెర్సీ రావే" అని పిలిచారు. వాళ్ళకి నొప్పి వచ్చేది పోయేది, వాంతి అయితే కాస్త తేలికపడి మళ్ళీ ఆడుకునేవాళ్ళు. మెర్సీ నొప్పి ఎక్కడికీ పోలేదు. పక్క మీద కుడివైపు ఒత్తిగిలి మోకాళ్ళు పొట్టలో పెట్టుకుని పడుకుంది. తాతయ్య జ్ఞానప్రకాశం రోజూ సాయంత్రం ఆ పిల్లని అరుగు మీద నిలబెట్టి చేతులు చాచి దూకమంటాడు, అదొక ఆట వాళ్ళిద్దరికీ. ఆ రోజు ఎత్తుకొచ్చి నిలబెట్టాడు. దూకలేదు. అరుగు అంచు దాకా వచ్చి, కిందకి చూసి, వెనక్కి తిరిగి నడుం వంచుకుని ముసలమ్మలా గోడ పట్టుకుని నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. "నీరసం, పాపం" అన్నాడాయన. తబిత చూస్తూ నిలబడింది. ఆ నడక ఎక్కడో చూసింది తను. ఎక్కడ చూసిందో గుర్తు చేసుకోబోతే మనసు ముందుకి వెళ్ళనివ్వలేదు, వంటింట్లో పాలు పొంగుతున్నాయని చెప్పి వెనక్కి లాగేసింది.

ఈ పొద్దున్న తెల్లారాక మెర్సీ కళ్ళు తెరిచి "నొప్పి తగ్గింది మమ్మీ" అంది.

ఆశాజ్యోతి పిల్ల నుదురు ముద్దు పెట్టుకుని, అక్కడికక్కడే మంచం పక్కన మోకరించింది. స్తోత్రం తండ్రీ, స్తోత్రం, అంది. జ్ఞానప్రకాశం వాకిట్లోంచి వచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పానా, తగ్గిపోద్దని. ఇవాళ కాస్త మెత్తగా జావ కాచి పొయ్యండి" అన్నాడు. తబిత కూడా మోకరించబోయింది. మోకాళ్ళు సగం వంగాక ఆగిపోయింది. తగ్గింది. ఆ మాట. సరిగ్గా అలాంటి గొంతుతో, అలాగే కళ్ళు సగం మూసుకుని, అలాగే మోకాళ్ళు ముడుచుకుని ఉండి. తగ్గితే కాళ్ళు చాపుకోదా? తగ్గితే అడగదా, నీళ్ళో పాలో ఫోనో? దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసింది. నుదురు కాలిపోతోంది. గౌను కింద పొట్ట బిగదీసిన డప్పులా ఉంది, వేళ్ళు తగలగానే పిల్ల ఊపిరి పట్టింది. "పదండి రాజమండ్రి" అంది తబిత. కోడలు తలెత్తి చూసింది. "తగ్గిందండి అత్తయ్యా, దానికి రెండు రోజుల్నుంచి నిద్ర లేదు, పడుకోనివ్వండి." "తగ్గలేదమ్మా." "అదే చెప్తోంది కదండి!" "అది చెప్తోంది. నేను వినను" అంది తబిత. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడి ఎరగదు. ఎందుకు, ఏమిటి అంటే చెప్పడానికి ఒక్క కారణం కూడా నోటికి రాలేదు. పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని గణేష్‌బాబు గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది. వెనకాల కోడలు చెప్పులు వేసుకుని ఏడుస్తూ వచ్చింది. జ్ఞానప్రకాశం అరుగు మీదే ఉండిపోయాడు. ఆయన మొహం వంక తను చూడలేదు.

ఇప్పుడు ఈ ఇనుప కుర్చీలో, ఎవరూ అడగకుండానే, ఆ మనసు పొంగే పాలని పక్కన పెట్టేసి ముందుకి నడిచింది. పట్టిసీమ దగ్గర ఊరు. జ్ఞానప్రకాశం మిషన్ హైస్కూల్లో కొత్తగా గుమాస్తాగా చేరిన రోజులు. స్కూలు వెనక రెండు గదుల ఇల్లు, దొడ్లోంచి చూస్తే గోదారి, అవతల కొండలు నీలంగా. పెద్దకొడుకు రమేష్ బాబుకి ఐదో ఏడు. శ్యాంబాబు ఇంకా కడుపులో కూడా లేడు. వేసవి సెలవులు, ఇసక తిన్నెల మీంచి ఎవరో తాటికాయల గెలలు తెచ్చి ఇచ్చారు. దొడ్లో కూర్చుని తబిత ముంజెలు తీసి బొటనవేలితో పైతొక్క ఒలిచి కొడుకు నోట్లో పెట్టింది. వాడు నీళ్ళు గడ్డం మీద కారిపోతుంటే నవ్వాడు, ఇంకోటి, ఇంకోటి అన్నాడు. పెట్టింది. సాయంత్రం కడుపునొప్పన్నాడు. బొడ్డు చుట్టూ. తర్వాత వాంతి. ముంజెలు ఎక్కువ తిన్నాడని అన్నారు ఇరుగమ్మలు, వాము నీళ్ళు పట్టమన్నారు, పట్టింది. పొట్ట మీద ఆముదం రాసి తమలపాకు వేసింది. వాడు నడుం వంచుకుని గోడ పట్టుకుని నడిచాడు. ఆ నడకే. మంగళవారం అరుగు మీద చూసింది ఆ నడకే. తర్వాత రోజు కొవ్వూరు తీసుకెళ్దామని బట్టలు సర్దుకుని బస్సు కోసం రోడ్డు మీదకి బయల్దేరుతుంటే వాడు "అమ్మా, నొప్పి తగ్గిపోయిందే" అన్నాడు. ఎంత సంతోషం! ఎండ నిప్పులు చెరుగుతోంది. "తగ్గిందిగా, ఈ ఎండలో పసివాణ్ణి ఎక్కడ తిప్పుతాం, రేపు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూద్దాం" అన్నాడు జ్ఞానప్రకాశం. ఆమెకీ నిజమే అనిపించింది. వాడు ఆ పూటంతా మాట్లాడకుండా పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, కొవ్వూరు ఊళ్ళోకి అడుగు పెట్టకముందే వాడి చెయ్యి తన చేతిలోంచి జారింది. డాక్టరు చూసి విరేచనాల జబ్బు ముదిరిపోయిందన్నాడు. అప్పుడు అదే రాశారు, అదే అన్నారు, అదే నిజమైపోయింది.

సమాధి చేసి తిరిగొస్తున్నప్పుడు, మనుషులంతా ముందు వెళ్ళిపోయాక, జ్ఞానప్రకాశం నేల వంక చూస్తూ అన్నాడు: "ఆ ముంజెలు పెట్టకుండా ఉండాల్సింది, తబితా." అంతే. గట్టిగా అనలేదు, కోపంగా కూడా అనలేదు. మళ్ళీ జన్మలో అనలేదు. ఎవరితోనూ ఆ మాట అన్న దాఖలా లేదు. ఆమెని కొట్టలేదు, తిట్టలేదు, పండక్కి చీర కొనడం మానలేదు. శ్యాంబాబు పుట్టాడు, ఆయన ఉద్యోగం ఈ కాలువ గట్టు ఊళ్ళకి మారింది, ఇల్లు కట్టారు, కోడలొచ్చింది, మెర్సీ పుట్టింది. ఇంతటి కాలంలో ఆయన నోట రమేష్ అన్న పేరు రాలేదు, ఆమె నోటా రాలేదు. గోడ మీద ఒక ఫోటో ఉంది, అంతే. కోడలికి తెలిసింది ఆ ఫోటో వరకే, చిన్నప్పుడే జబ్బు చేసి పోయాడట అని. వేసవి వచ్చినప్పుడల్లా వీధిలో ముంజెలండీ అని కేక వినపడితే తబిత ఏదో పనున్నట్టు దొడ్లోకి వెళ్ళిపోయేది. శ్యాంబాబు చిన్నప్పుడు అడిగి అడిగి ఏడ్చినా తన చేత్తో పెట్టలేదు. ఈ చేత్తో. ఈ బొటనవేలితో. అందుకే తనకి తిండి విషయంలో అంత చాదస్తం అని ఇంట్లో నవ్వుకుంటారు, వాసన చూస్తుంది, రుచి చూస్తుంది, రెండోసారి వేడి చేస్తుంది. ఆదివారం విందులో మెర్సీ పళ్ళెంలో కూడా తనే ముందు ఒక ముద్ద తిని చూసింది. బాగానే ఉంది. బాగానే ఉందని పెట్టింది. మళ్ళీ తనే పెట్టింది.

"అత్తయ్యా." ఆశాజ్యోతి ఎప్పుడు వచ్చిందో పక్క కుర్చీలో ఉంది. కళ్ళు వాచిపోయాయి. "ఆయన బయల్దేరారండి. బండి మీద ఇంకో డ్రైవర్ని పెట్టి బస్సెక్కారంట." తబిత తలూపింది. కోడలు తన వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది. థియేటర్ వైపు నుంచి ఎవరో ట్రే పట్టుకుని వెళ్ళారు, తలుపు రెక్క ఊగి ఆగింది. "నేను పడుకోబెట్టేద్దామనుకున్నానండి. మీరు తీసుకురాకపోతే ఈపాటికి నేను స్కూల్లో ఉందును. మీకెలా తెలిసిందండి అత్తయ్యా?" తబిత నోరు తెరిచింది. కారణం ఇప్పుడు నోటి చివర ఉంది. "ఇంతకు ముందు చూశానమ్మా" అంది. "ఎవర్ని?" "రమేష్ బాబుని." ఆ పేరు పైకి అనేసరికి గొంతు తనది కానట్టు వినిపించింది. ఆశాజ్యోతి అత్తగారి చెయ్యి ఒళ్ళోంచి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఒళ్ళో వేడి పోయింది. పోతే పోయింది.

లోపలికి తీసుకెళ్ళే ముందు ఆ సర్జన్ ఎన్ని ప్రశ్నలు అడిగాడో. నెరిసిన మీసాలు, మెత్తటి మాట. ముందు నొప్పొచ్చి తర్వాత వాంతయిందా, ముందు వాంతయి తర్వాత నొప్పొచ్చిందా, అని అడిగాడు. కోడలు తడబడింది. ముందు నొప్పేనండి, అంది తబిత. నొప్పి వచ్చిపోతోందా, అలాగే ఉందా? అలాగే ఉందండి. ఇష్టమైనది పెట్టినా తినలేదా? తినలేదండి. పాపా, ఒక్కసారి గెంతు చూద్దాం అన్నాడు, మెర్సీ అమ్మ చెయ్యి పట్టుకుని మంచం దిగి, బొటనవేళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది గాని గెంతలేదు. పోనీ దగ్గమ్మా అన్నాడు. దగ్గబోయి ఆపుకుంది. ఆయన ఇక పొట్ట మీద గట్టిగా నొక్కి చూడలేదు, అరచెయ్యి అలా ఆనించి తీసేశాడు, స్కానింగుకి రాసి, వెంటనే థియేటర్ సిద్ధం చెయ్యమన్నాడు. ఇన్ని ప్రశ్నలు అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తను చెప్పగలిగేది. ప్రతి ఒక్కటీ చెప్పగలిగేది, ఇప్పటికీ చెప్పగలదు, వాడు ముందు ఏ చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడో కూడా.

థియేటర్ తలుపు మీది ఎర్ర దీపం ఆరింది. తలుపు తెరుచుకుని ఆ సర్జనే వచ్చాడు, మాస్కు గడ్డం కిందకి లాక్కుంటూ. ఇద్దరూ లేచి నిలబడ్డారు. "అపెండిక్సేనమ్మా. లోపల పగిలింది. చీము పొట్టంతా పరుచుకోకముందే దొరికింది, శుభ్రంగా కడిగాం, చిన్న గొట్టం పెట్టాం. కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి, ఇంజెక్షన్లు గట్టివి పడతాయి. కానీ పిల్ల నిలబడుతుంది, భయపడకండి." ఆశాజ్యోతి ఆయన కాళ్ళ మీద పడబోతే ఆపి కుర్చీలో కూర్చోబెట్టాడు. వెళ్ళబోతున్నాడు. తబిత దారికి అడ్డంగా నిలబడింది. ఏం అడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు. "ఇది తిండి వల్ల వస్తుందాండి డాక్టరు గారూ?" "కాదమ్మా. పేగుకి ఆనుకుని చిన్న తోకలా ఉంటుంది, దాని నోరు మూసుకుపోతే లోపల వాచి చీము పడుతుంది. ఆ విందు భోజనానికీ దీనికీ సంబంధం లేదు." "ముంజెలు తింటే రాదాండి?" ఆయన కాస్త వింతగా చూశాడు. "ముంజెలు తిన్నా, మామిడిపండు తిన్నా, ఏమీ తినకపోయినా, వచ్చేది వస్తుంది." "మరి నొప్పి తగ్గిందంటారు కదండి..." "పగిలితే లోపల బిగువు తగ్గి ఓ పూట హాయిగా ఉంటుందమ్మా. ఆ పూటే మోసం. ఇవాళ మీరు వచ్చింది సరిగ్గా ఆ పూటే. రేపు తీసుకొస్తే నేనేం చెప్పేవాణ్ణో నాకే తెలీదు." రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ వయసు పిల్లల్లో మేమే పొరబడుతుంటాం. విరేచనాలు కూడా అవుతుంటే మరీను" అన్నాడు.

తబిత కూర్చుంది. కాదు. తిండి వల్ల కాదు. బొటనవేలు వంక చూసుకుంది, గోరు అరిగిపోయిన ముసలి బొటనవేలు. నవ్వుతూ నోరు తెరిచిన ఐదేళ్ళవాడు, గడ్డం మీద కారుతున్న నీళ్ళు, ఇంకోటి అమ్మా. పెట్టొచ్చు. ఇంకోటి పెట్టొచ్చు, ఎన్నైనా పెట్టొచ్చు, ఏమీ కాదు. ఎవరో తన వీపు మీంచి ధాన్యం బస్తా దించినట్టయింది, దించాక వీపు అలా వంగే ఉండిపోయినట్టు కూడా అయింది. ఇంటికెళ్ళి చెప్పాలి, ముందు ఆయనకి చెప్పాలి, ఏవండీ నేను కాదంటండి, అని ఆ మాట మనసులో ఒకసారి అనుకుంది, రెండోసారి అనుకుంది, రెండోసారి అనుకుంటుండగా దాని వెనకే ఇంకో మాట వచ్చి నిలబడింది. ఆ పూటే మోసం. రేపు తీసుకొస్తే. తగ్గిందిగా, రేపు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూద్దాం. ఆ రోజు ఆగమన్నది ఎవరు? ఆయన. అవును, తనూ సరే అంది. కానీ అన్నది ఆయన. ఈ బస్తా దిగాల్సింది ఒక్కచోటే, ఆయన వీపు మీద. ఇంత కాలమూ ఆయన పేరు ఎత్తకపోవడం, ఫోటో ముందు నిలబడకపోవడం, ఈ పొద్దున్న అరుగు మీద అలా ఉండిపోవడం. ఆయనకి ఎక్కడో తెలుసా? సమాధి దగ్గర్నుంచి వస్తూ ముంజెల మీద పెట్టింది, తన మీద పెట్టుకోలేకేనా? కోపం రావాలి. వచ్చింది కూడా, ఛాతీలోంచి పైకి, వేడిగా. ఎన్నేళ్ళు, ఎన్ని వేసవులు. వచ్చిన కోపం ఆయన మొహం వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడ పాతికేళ్ళ కుర్ర గుమాస్తాని చూసింది, చంకలో గుడ్డసంచీతో రోడ్డు మీద ఎండలో నిలబడి, కొడుక్కి తగ్గిందని నవ్వుతున్నవాణ్ణి.

ఆ సంచీలాంటిదే పట్టుకుని ఆయన మెట్లెక్కి వచ్చాడు. తెల్లచొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. కళ్ళతో ముందు కోడల్ని, తర్వాత తలుపుని, తర్వాత తబితని చూశాడు. "బస్సు బ్యారేజీ మీద ఆగిపోయిందే" అన్నాడు, ఆలస్యానికి క్షమాపణలా. "ఎలా ఉంది?" "బాగుంది. గండం గడిచిందన్నారు" అంది తబిత. లోపల్నుంచి నర్సు పిలిచింది, పాప కదులుతోంది, అమ్మ ఒక్కతే రావాలని. ఆశాజ్యోతి పరిగెత్తింది. ఇద్దరే మిగిలారు. ఆయన సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, జేబురుమాలు తీసి మొహం, మెడ తుడుచుకుని, దాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు.

"ఆ విందులో ఏం పడలేదంట దానికి?"

"తిండి వల్ల కాదంటండి."

రుమాలు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"కాదా?"

"కాదంట. ఏం తిన్నా, తినకపోయినా వచ్చేదేనంట."

ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆయన ఆ గోడనే చూస్తున్నాడు. గుమాస్తాగా జీవితమంతా అంకెలు కలిపిన మనిషి, తప్పు ఎక్కడుందో కనిపెట్టేదాకా లేవని మనిషి. కలుపుతున్నాడని తబితకి తెలుస్తోంది. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"అయితే రమేష్ బాబుకి కూడా..."

పేరు. ఆయన గొంతులో ఆ పేరు. పట్టిసీమ దొడ్లో గోదారి వైపు తిరిగి భోజనానికి పిలుస్తున్నట్టు, ఏమీ మారలేదు ఆ పిలుపులో.

"అదే అయ్యుంటుందండి."

"ఆ రోజు వాడు తగ్గిందన్నాడు" అన్నాడాయన మెల్లగా. "నేను..."

తబిత దగ్గర జవాబు ఉంది. సర్జన్ చెప్పిన మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. ఆ పూట గురించి చెప్పినవి నాలుక మీదే ఉన్నాయి, వదిలితే చాలు. ఆమె వాటిని అక్కడే పట్టి ఉంచి, సర్జన్ చివర్న అన్న మాట తీసుకుంది.

"ఈ వయసు పిల్లల్లో డాక్టర్లే పోల్చుకోలేరంటండి. ఆపరేషన్ చేసినాయనే చెప్పారు నాతో. వాళ్ళకే తెలీనిది మనకేం తెలుస్తుంది, ఆ రోజుల్లో."

అబద్ధం కాదు. ప్రతి ముక్కా నిజమే.

జ్ఞానప్రకాశం ఆమె వైపు తిరగకుండానే, "నిన్ను అన్నాను" అన్నాడు.

"ఊఁ."

"ముంజెలని అన్నాను."

"ఒక్కసారే అన్నారు."

ఆయన భుజాలు ముందుకి వంగిపోయాయి. నాలుగు మడతల రుమాలు కళ్ళకి అడ్డం పెట్టుకోబోయి పెట్టుకోలేకపోయాడు. గొంతులోంచి ఏదో మోటుగా, తుప్పు పట్టిన గడియ లాగినట్టు శబ్దం వచ్చింది, దాని వెనక ఏడుపు వచ్చింది, మగవాళ్ళు ఏడవకూడని చోట్ల ఏడ్చే ఏడుపు కాదు, పిల్లవాడి ఏడుపు. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూశారు. తబిత ఆయన వీపు మీద చెయ్యి వేసింది. చెమటకి తడిసిన చొక్కా కింద ఎముకలు కదులుతున్నాయి.

తలుపు తెరుచుకుని ఆశాజ్యోతి పరుగున వచ్చింది, మొహం వెలిగిపోతూ. మామగారిని చూసి హడలిపోయి ఆయన ముందు కూలబడింది. "అయ్యో మామయ్యగారూ, పాప బాగుందండి! కళ్ళు తెరిచింది, నీళ్ళడిగింది. ఏడవకండి మామయ్యగారూ, ఇంకేం భయం లేదండి."

"ఏడవనివ్వమ్మా" అంది తబిత.